పాప లోషన్‌లో ఫినాక్సీఇథనాల్ అని ఉంది, వాడాలా పారేయాలా?

హన్మకొండ_పాపఅమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, వడ్డేపల్లి వైపు. పాపకు ఐదో నెల నడుస్తోంది, తొలి కాన్పు కాబట్టి నాకు ప్రతిదానికీ టెన్షనే. ఈసారి చలికి పాప చెంపలు, మోకాళ్ల కింద కాళ్లు బాగా పొడిబారి, వేలితో నిమిరితే సన్నగా పొట్టు రాలుతుంటే, పురుడప్పుడు చుట్టాలు ఇచ్చిన గిఫ్టు డబ్బాలో ఉన్న చిన్న లోషన్ సీసా తీసి రాశాను. బాగానే ఉందనిపించింది. అది అయిపోయాక అదే రకం 200 ఎంఎల్ సీసా కొన్నాం. అప్పటి నుంచి రోజూ పొద్దున స్నానం అయ్యాక ఒకసారి, రాత్రి పడుకోబెట్టేముందు ఒకసారి ఒళ్లంతా రాస్తున్నాను.

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పిల్లల లోషన్లలో ఫినాక్సీఇథనాల్ అనే కెమికల్ ఉంటుందట, అది మెదడు మీద, నరాల మీద పనిచేస్తుందట, విదేశాల్లో బ్యాన్ చేస్తే మన దగ్గర మాత్రం దర్జాగా అమ్ముతున్నారట. రాత్రి పాప పడుకున్నాక సీసా వెనక్కి తిప్పి చూస్తే ఆ అక్షరాలు కంటికి ఆనలేదు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. మొదట ఆక్వా, తర్వాత గ్లిజరిన్, మధ్యలో ఏవేవో పేర్లు, చివర్లో వరుసగా ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్, పర్ఫ్యూమ్. అది చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రెండు నెలల నుంచి రాస్తున్నాను కదా, పైగా పాప ఎప్పుడూ పిడికిలి నోట్లోనే పెట్టుకుంటుంది.

అత్తమ్మ "మేం పిల్లల్ని సాకలేదా, కొబ్బరినూనె రాయి బిడ్డా, గవన్నీ ఎందుకు" అంటోంది. మా ఆయనేమో పరీక్ష చేయకుండా ఎవరు అమ్మనిస్తారు అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో నాకు తెలియడం లేదు. ఇంకోటి, నాలుగు రోజులుగా పాప చెంపల మీద, మోచేతి మడతల్లో ఎర్రగా వస్తోంది, నిద్రలో దుప్పటికి మొహం రుద్దుకుంటోంది. ఇది ఆ కెమికల్ వల్లేనా? నిజంగా బయట దేశాల్లో బ్యాన్ చేశారా? ఇన్ని రోజులు రాసినందుకు ఏమైనా రక్తపరీక్షలు చేయించాలా? ఆ మొదటి చిన్న సీసా మీద అయితే అసలు ఇందులో ఏమేం ఉన్నాయో రాయనే లేదు, అది నకిలీదా? తెలిసినవాళ్లు చెప్పండి, రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు.

ఓరుగల్లు_నాన్న

ముందు ఆ సీసా పక్కన పడేయండి చెల్లె. నోరు తిరగని పేర్లున్నవి పసిపిల్లలకు రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మేం మా బాబుకు ఇంట్లోనే చేస్తాం. పెరట్లో కలబంద కోసి గుజ్జు తీసి, కొంచెం రోజ్‌వాటర్ కలిపి మిక్సీ పట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాం, పది పదిహేను రోజులు వస్తుంది. ఏ కెమికల్ లేదు, ఖర్చు లేదు.

కాజీపేట_మందులషాపు

చెల్లెమ్మా, ముందు మీరు కంగారు పడకండి. రక్తపరీక్షలేవీ అక్కర్లేదు. నేను కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివి కాజీపేటలో పద్నాలుగేళ్లుగా షాపు నడుపుతున్నాను, ఈ వీడియో పట్టుకుని నా దగ్గరికి ఈ నెలలో చాలామందే వచ్చారు, అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

ఆక్వా అంటే నీళ్లే. లోషన్‌లో ఎక్కువ భాగం అదే, అందుకే లిస్టులో మొదట ఉంది. నీళ్లున్న ఏ వస్తువులోనైనా సూక్ష్మజీవులు పెరుగుతాయి, రుబ్బిన పిండి బయట పెడితే తెల్లారేసరికి పులిసి పొంగినట్టే. పిండి పులిస్తే దోసె వేసుకుంటాం, లోషన్‌లో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పెరిగితే మాత్రం వాసన గానీ రంగు గానీ మారకముందే పసిపిల్లల పగిలిన చర్మంలోకి పోతుంది. దాన్ని ఆపడానికే ప్రిజర్వేటివ్ వేస్తారు. అందులో ఫినాక్సీఇథనాల్ ఒకటి, ముఖ్యంగా ఈ సూడోమోనాస్ జాతి మీద బాగా పనిచేస్తుంది. పక్కన మీరు చదివిన ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ దానికి తోడుగా వేసేదే, రెండూ తరచుగా జంటగా కనిపిస్తాయి.

ఎంత వేస్తారన్నది అసలు సంగతి. యూరప్‌లో గరిష్ఠంగా 1 శాతం. మన దగ్గర కూడా ఏ ప్రిజర్వేటివ్ ఎంతవరకు వాడొచ్చో బీఐఎస్ (దేశంలో వస్తువుల ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్ల ఐఎస్ 4707 అనే ప్రమాణంలో జాబితాలు ఉంటాయి, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీదారులు వాటికి లోబడాలి. 1 శాతం లెక్కన వేసుకున్నా మీ 200 ఎంఎల్ సీసా మొత్తంలో 2 గ్రాములు మించదు. చర్మం గుండా లోపలికి పోయినదాన్ని శరీరం ఫినాక్సీఅసిటిక్ యాసిడ్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది.

ఇప్పుడు బ్యాన్ సంగతి. వీడియోలో చెప్పేది సగం నిజం, అందుకే అంత భయపెడుతుంది. ఫ్రాన్స్ మందుల నియంత్రణ సంస్థ 2012లో ఒక సిఫారసు చేసింది: మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసే వాటిలో ఇది వద్దు, మిగతా వాటిలో 0.4 శాతం దాటొద్దు అని. పిల్లలకు ఏదో అయిందని కాదు, అంత చిన్న ఒంటికి లెక్కగట్టిన భద్రతా మార్జిన్, అంటే హాని చేసే మోతాదుకూ ఒంట్లోకి పోయే మోతాదుకూ మధ్య దూరం, తక్కువగా ఉందని. తర్వాత యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ కమిటీ మొత్తం సమాచారం మళ్లీ చూసి 2016లో 1 శాతం వరకు పిల్లలతో సహా అందరికీ సురక్షితమే అని తేల్చింది. ఫ్రాన్స్ వాళ్లు అయినా పట్టు వదల్లేదు, కడిగేయకుండా ఒంటి మీదే ఉంచే ఉత్పత్తుల మీద "మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ చోట వాడొద్దు" అని రాయాలని 2019లో నిర్ణయం తీసుకున్నారు. అంటే యూరప్ మొత్తం నిషేధించిందన్నది అబద్ధం, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదన్నదీ నిజం కాదు. నా మట్టుకు నేను ఫ్రాన్స్ వాళ్ల జాగ్రత్తలో ఒక్క ముక్క తీసుకుంటాను. డైపర్ కింద ఎప్పుడూ తడి, వేడి, పైన మూత పెట్టినట్టు ఉంటుంది, అక్కడ ఏది రాసినా చర్మం ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ చోటికి వేరే దారి ఉన్నప్పుడు ఇది ఎందుకు రాయడం? చేతులకు, కాళ్లకు రాసినదాని గురించి మాత్రం నేను భయపడను.

మెదడు, నరాలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2008లో అమెరికాలో మందులను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక క్రీమ్ గురించి హెచ్చరిక చేసింది. అది పిల్లల ఒంటికి రాసేది కాదు, పాలిచ్చే తల్లులు చనుమొనల పగుళ్లకు రాసుకునేది. అందులో క్లోర్‌ఫెనెసిన్ అనే ఇంకో కెమికల్, ఫినాక్సీఇథనాల్ రెండూ ఉన్నాయి. పాలతో పాటు ఆ క్రీమ్ నేరుగా బిడ్డ కడుపులోకి పోతే మెదడు, నరాల పని నెమ్మదించి శ్వాస మందగించవచ్చు, వాంతులు, విరేచనాలు అయి ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు అన్నది ఆ హెచ్చరిక. కాలికి రాసిన లోషన్‌కూ రోజుకు పదిసార్లు బిడ్డ నోట్లోకి పోయే క్రీమ్‌కూ చాలా తేడా ఉంది. వీడియో తీసినవాళ్లు ఆ తేడా చెప్పరు. మీరు మాత్రం అరచేతులకు, వేళ్లకు లోషన్ రాయడం మానేయండి, పిడికిలి నోట్లో పెట్టుకునే వయసు కదా.

లిస్టు లేనంత మాత్రాన చిన్న సీసా నకిలీదని అనుకోనక్కర్లేదు. 60 ఎంఎల్ కంటే చిన్న ద్రవాల ప్యాకింగ్‌కు, 30 గ్రాముల కంటే చిన్న క్రీములకు పదార్థాల లిస్టు రాయకపోయినా రూల్ ఒప్పుకుంటుంది. గిఫ్టు డబ్బాల్లో వచ్చేవి చాలావరకు ఆ సైజువే, అందుకే మన పిల్లలకు మొట్టమొదట రాసేదానిలో ఏముందో మనకు తెలియకుండా పోతుంది. ఇది నాకు నచ్చని రూలు. పెద్ద సీసా మీద మాత్రం 1 శాతం కంటే ఎక్కువున్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాసి, 1 శాతం, అంతకంటే తక్కువున్నవి చివర ఏ వరుసలోనైనా రాస్తారు. మీకు అది చివర్లో కనిపించింది అందుకే.

ఎర్రగా రావడం గురించి. ఫొటో చూసి కూడా చెప్పలేను, పిల్లల డాక్టర్‌కు చూపించండి. కానీ మీ లిస్టులో నేను ముందు అనుమానించేది ఫినాక్సీఇథనాల్‌ను కాదు, దాని పక్కనున్న పర్ఫ్యూమ్‌ను. దాని వల్ల వచ్చే అలర్జీలు చాలా ఎక్కువ, పైగా ఆ ఒక్క మాట వెనక పదుల రకాల పదార్థాలు ఉండొచ్చు. డాక్టర్ చూసేవరకు లోషన్ ఆపి ఉత్త కొబ్బరినూనెగానీ పెట్రోలియం జెల్లీగానీ రాయండి.

దయచేసి ఒక్క పని మాత్రం చేయకండి. నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను, పిల్లాడికి ఎర్రగా ఉంది ఏదైనా ట్యూబు ఇవ్వన్నా అంటారు. బజార్లో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు దొరుకుతాయి, రాస్తే రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి భలే పనిచేసింది అనుకుంటారు, ఆపగానే రెట్టింపై వస్తుంది, మళ్లీ రాస్తారు. ఆర్నెల్లు అలా మొహానికి రాసిన బాబును ఒకసారి తీసుకొచ్చారు, చెంపల చర్మం ఉల్లిపొరలా పలచబడి లోపలి సన్న రక్తనాళాలు ఎర్ర దారాల్లా కనిపిస్తున్నాయి. ఈ గ్రూపుల్లో ఫినాక్సీఇథనాల్ గురించి తిరిగే వీడియోల్లో పదోవంతు ఆ ట్యూబుల గురించి తిరిగితే ఎంతో మంది పిల్లల చర్మం బాగుపడేది.

ఓరుగల్లు_నాన్న గారూ, మీరు ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ కలబంద గుజ్జులో ఉన్నదంతా నీళ్లే, ఫ్రిజ్‌లో పెట్టినా పదిహేను రోజులు నిలవదు. తాజాగా తీసి అప్పటికప్పుడు వాడినా కొందరు పిల్లలకు దాని పసుపు జిగురు దురద పెడుతుంది.

జమ్మికుంట_ఇద్దరుపిల్లలు

అక్కా, నాదీ ఇదే భయం, కానీ ఇంకో దారిలో దెబ్బతిన్నాను, అందుకే రాస్తున్నాను. పెద్దోడప్పుడు పారాబెన్లు (ఇవీ ప్రిజర్వేటివ్లే) చెడ్డవి అని ఎక్కడో చదివి, పారాబెన్ ఫ్రీ అని పెద్ద అక్షరాలతో రాసున్న తడి వైప్సే కొనేదాన్ని. కరీంనగర్‌లో మా అక్క ఇంటికి పోయినా బ్యాగులో అవే. బాబుకు ఎనిమిదో నెలలో పిర్రల మీద, మూతి చుట్టూ ఎర్రగా, చెమ్మ కారేటట్టు వచ్చింది. డైపర్ మార్చాం, సబ్బు మార్చాం, పాలు పడట్లేదేమో అన్నారు, దిష్టి తీశారు, ఏదీ తగ్గలేదు.

చివరికి స్కిన్ డాక్టరమ్మ బాబును చూస్తూ చూస్తూ నా చెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది. నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు పగిలి గరుకుగా ఉన్నాయి, ఎడమచేతికి ఏమీ లేదు. గిన్నెలు తోమే సబ్బు వల్లేమో అనుకుని నేను పట్టించుకోలేదు. ఏ చేత్తో వైప్ పట్టుకుంటావు అని అడిగింది. అప్పుడు తెలిసింది. నాకు ప్యాచ్ టెస్ట్ (చర్మానికి అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేస్తే మిథైల్ ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ పడదని వచ్చింది, ఇంటికొచ్చి ప్యాకెట్ చూస్తే అందులో ఉన్నది అదే. వైప్స్ మానేసి నీళ్లు, మెత్తని నూలు గుడ్డ మొదలుపెట్టాక ఇద్దరికీ మూడు నాలుగు వారాల్లో తగ్గింది.

తర్వాత చదివి తెలుసుకున్నది ఏంటంటే, జనం పారాబెన్లంటే భయపడేసరికి కంపెనీలు దాని బదులు ఇది ఎక్కువ వాడాయి, దాంతో అలర్జీలు ఎంత పెరిగాయంటే అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఒంటికి తగిలిన వస్తువుల వల్ల వచ్చే చర్మపు జబ్బు) డాక్టర్ల సొసైటీ 2013లో దీన్ని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించింది. కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో యూరప్ దీన్ని 2017 నుంచి నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను అలర్జీ కలిగించని పదార్థంగా ప్రకటించింది. నేను ఏది చూసి పారిపోయానో దానితో అలర్జీ దాదాపు రాదట, ఏది ఏరికోరి తెచ్చుకున్నానో అదే నా బిడ్డ ఒళ్లు కాల్చింది. పారాబెన్లు అన్నీ ఒకటే అని కూడా అనను, ప్రొపైల్, బ్యూటైల్ రకాలు మూడేళ్లలోపు పిల్లల డైపర్ చోట రాసే వాటిలో వద్దని యూరప్ 2014లోనే ఆపేసింది. కాబట్టి ఫలానాది లేదు అని ముందువైపు రాసిన మాట చూసి కొనకండి అక్కా, దాని బదులు ఏం వేశారో వెనక చూడండి.

హన్మకొండ_పాపఅమ్మ

అన్నా, అక్కా, ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మీ మెసేజ్‌లు అత్తమ్మకు చదివి వినిపించాను, కొబ్బరినూనె మాట రాగానే నా మొహం చూసింది. రేపు పొద్దున డాక్టర్ దగ్గర నంబర్ పెట్టించాం.

అన్నా, ఇంకో రెండు ఉన్నాయి. ఆ చనుమొనల క్రీమ్ సంగతి చదివి గుండె దడదడలాడింది, నేనూ మొదటి నెలలో ఒకటి రాసుకున్నాను. ట్యూబు వెతికి చూస్తే లానోలిన్ ఒక్కటే రాసుంది. అది పర్వాలేదా? డైపర్ ర్యాష్ క్రీమ్‌లో మాత్రం జింక్ ఆక్సైడ్‌తో పాటు ఫినాక్సీఇథనాల్ కూడా ఉంది, పాపకు గజ్జల్లో ఒరుసుకున్నప్పుడల్లా రాస్తుంటాను.

కాజీపేట_మందులషాపు

లానోలిన్ ఒక్కటే అయితే నిశ్చింతగా ఉండండి, అది గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు లాంటిది, నీళ్లు లేవు కాబట్టి ప్రిజర్వేటివ్ అవసరం లేదు, పాలివ్వడానికి ముందు తుడవాల్సిన పని కూడా ఉండదు. ఇందాక కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ అన్నది కూడా ఇందుకే. నీళ్లు లేని వాటికి ఈ గొడవే ఉండదు.

డైపర్ క్రీమ్ విషయంలో ఇన్నాళ్లు రాసినందుకు బాధపడకండి, కానీ అయిపోయాక క్రీమ్ బదులు ఆయింట్‌మెంట్ అడగండి. పెట్రోలియం జెల్లీ ఆధారంగా చేసిన జింక్ ఆక్సైడ్ ఆయింట్‌మెంట్లు మన షాపుల్లోనే దొరుకుతాయి, లిస్టులో ఆక్వా లేకపోతే చాలు. రాసేముందు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, కాసేపు గాలికి ఆరనివ్వండి. మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల లోపల చిన్న చిన్న ఎర్ర పొక్కులు కనిపించినా ఫంగస్ అయి ఉండొచ్చు, అప్పుడు డాక్టర్ చూడాల్సిందే.

పరకాల_ఏఎన్ఎం

బిడ్డా, నేను పరకాల వైపు ఏఎన్ఎంగా ఇరవై ఆరేళ్లు చేసిన. మందుల సంగతి ఆ తమ్ముడు మంచిగ చెప్పిండు, నేను స్నానం సంగతి చెప్తా. చలికాలంలో పిల్లల చర్మం పగలడానికి మేం చూసిన పెద్ద కారణం మన నీళ్లు పోసే పద్ధతే. ముసలమ్మలు పొగలు వచ్చే నీళ్లు పోసి, నలుగు పిండితో తోలు ఎర్రబడేదాక రుద్దుతారు, పిల్ల కేకలు పెడితే ఒళ్లు సాగుతుంది అంటారు. చర్మం మీద ఉండే జిడ్డంతా దాంతో పోయినాక ఎంత లోషన్ రాస్తే మాత్రం ఏం నిలుస్తది? మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు, అయిదారు నిమిషాలు, గుడ్డతో అద్ది ఒళ్లు కొంచెం తడిగా ఉన్నప్పుడే నూనె రాయాలి, ఆరినాక రాస్తే పెద్దగా పనిచెయ్యది. ఎండాకాలం వచ్చినాక మాత్రం నూనె తగ్గించు, మన ఎండలకు చెమటకాయలు లేస్తయి. చెమటకాయలని పౌడర్ దులపకు, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతది. ముక్కులో, చెవులో నూనె చుక్కలు వెయ్యనియ్యకు.

ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని పోలియో ఇంజెక్షన్లలో కూడా ఈ ఫినాక్సీఇథనాల్ రవ్వంత ఉంటుంది, ఏండ్ల నుంచి ఉంది. ఇట్లాంటి వీడియో చూసే మా ఊర్ల ఒక తల్లి పద్నాలుగు వారాల సూది వద్దని పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది, ఆమె ఇంటికి నాలుగు సార్లు తిరిగితే గానీ ఒప్పుకోలేదు. మీ పాపకు ఇగ తొమ్మిది నెలలు నిండినప్పుడు ఉంటది, దాన్ని తప్పియ్యకండి.

ఓరుగల్లు_నాన్న

కాజీపేట అన్నా, మీరు రాశాక ఫ్రిజ్‌లో సీసా తీసి చూశాం. పన్నెండో రోజు. పైన నీళ్లు విడిపోయాయి, మూత తీస్తే వాసన మారింది. పారబోశాం. రాయొద్దని చెప్పినందుకు కోపం ఏమీ లేదు, బాబుకు రేపటి నుంచి కొబ్బరినూనె.

హన్మకొండ_పాపఅమ్మ

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమైందో చెప్పకపోతే బాగుండదని. డాక్టర్ గారు చూసి ఇది ఎగ్జిమా మొదలవుతున్న లక్షణం, పొడి చర్మానికి వాసన ఉన్న లోషన్ తోడై పెరిగింది అన్నారు. మొహానికి అయిదు రోజులు మాత్రమే రాయడానికి తక్కువ మోతాదు మందు ఒకటి ఇచ్చి, ఎన్ని రోజులు, ఎంత రాయాలో చీటీ మీద రాసిచ్చారు. వాసన లేని మాయిశ్చరైజర్ రాసిచ్చారు, దాని వెనక కూడా చదివాను, పర్ఫ్యూమ్ లేదు, ఫినాక్సీఇథనాల్ ఉంది. ఈసారి చదివి పక్కన పెట్టలేదు. డైపర్ చోటుకు ఆయింట్‌మెంట్ తెచ్చుకున్నాం.

పొద్దున నీళ్లు పోసేది ఇప్పుడు అత్తమ్మే. ఏఎన్ఎం అమ్మ రాసింది చెప్పాక బకెట్‌లో మోచెయ్యి పెట్టి చూసి పోస్తోంది, నలుగు పిండి మానేసింది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాసేస్తోంది. రాత్రికి నేను మాయిశ్చరైజర్ రాస్తున్నాను. మోచేతి మడతల్లో ఎరుపు పోయింది, చెంపల మీద కొంచెం గరుకు మిగిలింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ వీడియో కింద మీ జవాబులు పెట్టాను, రెండో అంతస్తు అక్క తన వైప్స్ ప్యాకెట్ ఫొటో తీసి పంపింది, అందులో జమ్మికుంట అక్క చెప్పిన పేరే ఉంది. పాత లోషన్ ఇంకా సగం సీసా ఉంది, అది నా కాళ్ల పగుళ్లకు రాసుకుంటున్నాను.